ఎండకును దుమ్మునకును దగిన కంప్యూటరు పెట్టె



ఈ సాయంకాలము నేను మాటలాడబోవు విషయమును విని మీలో గొందఱు నవ్వుకొందురేమో యని నాకు శంక గలదు. ముప్పదియైదేండ్లు బాలురకు శబ్దములు, సమాసములు, ఛందస్సు చెప్పుకొని కాలము గడపిన పంతులు కంప్యూటరును గూర్చి, అందును దాని పైపెట్టెను గూర్చి ప్రసంగించుట యేమని మీకు దోపవచ్చును. అయినను ఒక బేరములో మోసపోయినవానికి ఆ బేరమును గూర్చి చెప్పుటకు గొంత యధికారము గలుగుచుండును. నా యధికారమంతయు అట్టిదే.

నాలుగేండ్ల క్రిందట మా యూరి గ్రంథాలయమునకు ఒక కంప్యూటరు కొనవలెనని నిశ్చయించితిమి. ఊరు విడిచి పట్టణములలో స్థిరపడిన పూర్వవిద్యార్థులు చందాలు పంపిరి. కొనితెచ్చుటకు నన్నును మఱి యిద్దఱు పెద్దలను నియమించిరి. లోపలి భాగములను మా వెంట వచ్చిన చదువుకొన్న కుఱ్ఱవాడు పరీక్షించి యెన్నుకొనెను. పైపెట్టెను మాత్రము "మాష్టారూ, అది మీ యిష్టము" అనెను. నేను కన్నులకు నచ్చినదానిని జూపితిని. దాని ముందువైపంతయు నల్లని గాజుపలక. లోపల రంగురంగుల దీపములు. పెండ్లిపందిరివలె మెఱయుచుండెను. గాలి యెచ్చటనుండి లోనికి బోవునని నేనడుగలేదు, అమ్మినవాడును జెప్పలేదు.

మొదటి యేడు నిశ్చింతగ గడచినది. మఱుసటి వేసవిలో, రోహిణీకార్తె మిట్టమధ్యాహ్నమున, మా యూరి చేనేత కుటుంబములోని యొక బాలిక పాలిటెక్నిక్ చదువునకు తాను గోరు కళాశాలల వరుసను పంపుకొనుటకు గ్రంథాలయమునకు వచ్చినది. అది కడపటి దినము. సగము నింపునప్పటికి యంత్రము దానంతట అదియే యాగిపోయెను. మరల నడపితిమి, పది నిమిషములకు మరల నాగెను. మూడవసారి యిక లేవలేదు. తండ్రి యా పిల్లను మోటారుసైకిలుపై గూర్చుండబెట్టుకొని వడగాలిలో మండలకేంద్రమునకు బరుగెత్తెను. గడువు ముగియుటకు బది నిమిషములు ముందుగా పని ముగిసినదట. ఆ పది నిమిషములు లేకున్నచో ఆ పిల్లకు ఒక సంవత్సరము పోయియుండెడిది. నేను ముచ్చటపడిన గాజుపలకకు మేము చెల్లింపబోయిన వెల యది.

మఱునాడు బాగుచేయువాడు వచ్చి పెట్టెను విప్పెను. లోపలి లోహపు రేకుల నడుమ దుమ్ము కంబళివలె నల్లుకొని యుండెను. అతడు దానిని వ్రేలితో దీసి నాకు జూపి, "యంత్రానికి జబ్బేమీ లేదు మాష్టారూ. ఊపిరాడలేదు, అంతే" అనెను. ఆ మాట నన్ను విడువలేదు. ఆ తరువాత నేనడిగియు, చదివియు, చూచియు దెలిసికొన్నదానిని మీకు విన్నవించుటయే నేటి ప్రసంగము.

ఇది మా కేల యని మీరనవచ్చును. నేడు పల్లెలో గంప్యూటరు తగులని వ్యవహారము తక్కువ. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్ల కెక్కించు పథకమును కేంద్రప్రభుత్వము 2022లో ఆమోదించినది. బడి, గ్రంథాలయము, పాలకేంద్రము, బియ్యపు మిల్లు, ఎరువుల దుకాణము, అన్నిట ఈ యంత్రము వచ్చి కూర్చున్నది. రైతు తీర్చిన బాకీ, పిల్లవాని మార్కులు, ముసలమ్మ దరఖాస్తు దాని గుండనే నడచుచున్నవి. ఊరి సొమ్ముతో దానిని గొనునపుడు చీటిపై సంతకము చేయువారు మీవంటి పెద్దలే. కావున మీకు దెలియవలసిన విషయమే యిది.

ముందుగా పేరును గూర్చి యొక మాట. మనవారు ఈ పెట్టెను సీపీయూ అని పిలుచుచుందురు. అది పొరపాటు. సీపీయూ యనగా లెక్క చేయు ప్రాసెసరు. అది లోపల నుండు చిన్న బిళ్ళ మాత్రమే, అరచేతిలో నిమిడిపోవును. పెట్టె తాను లెక్క చేయదు, వ్రాయదు, జ్ఞాపకముంచుకొనదు. అది యిల్లు, కాపురముండువారు వేఱు. మదర్‌బోర్డు అనెడి పెద్దపలక, దానిపై ప్రాసెసరు, విషయములను దాచు డిస్కు, కరెంటును మార్చి యిచ్చు పవర్ సప్లై డబ్బా ఇవి యందు గాపురముండును. మంచి యిల్లు కాపురమును నిలుపును. చెడ్డ యిల్లు కాపురమును గూల్చును. ఇంటిని గోడల రంగు చూచి కొనువాడుండడు గదా! గాలి యెట్లు వచ్చును, వాన యెటు కొట్టునని విచారింతుము. పెట్టె విషయమునను అట్లే విచారింపవలెను.

పెట్టెకు మూడు ధర్మములు గలవు. భాగములను గట్టిగ బట్టియుంచుట మొదటిది. లోపల బుట్టిన వేడిని బయటికి బంపుట రెండవది. బయటి దుమ్మును లోనికి రానీయకుండుట మూడవది. మొదటి ధర్మము సులభము. కడమ రెండును ఒకదానితో నొకటి పోరాడుచుండును. తలుపు తీసిన దుమ్ము వచ్చును. మూసిన వేడి నిలుచును. ఈ రెండింటికిని రాజీ కుదుర్చుట పెట్టెను జేయువాని నేర్పు. ఆ రాజీ మన యూరి యెండకు, మన యూరి దుమ్మునకు దగినట్లు కుదిరినదా యని చూచుట కొనువాని నేర్పు. చల్లని దేశములలో వేడిని గూర్చియు, దుమ్ము లేని గదులలో దుమ్మును గూర్చియు మఱచినను సాగును. మనకు రెండును గలవు.

వేడిని గూర్చి చెప్పెదను. కంప్యూటరు తినిన కరెంటంతయు కట్టకడకు వేడిగనే మాఱును. కార్యాలయమున వ్రాతపనికి వాడు యంత్రము పనిలో నున్నప్పుడు సుమారు నూఱు వాట్ల కరెంటు తినును. బొమ్మల యాటలకును చలనచిత్రముల కూర్పునకును గట్టిన పెద్దయంత్రములు నాలుగైదు వందల వాట్లు తినుటయు గలదు. వెనుకటి నూఱు వాట్ల బల్బును మీరెఱుగుదురు. దానిని చేతితో ముట్టుకొనజాలకుంటిమి. అట్టి బల్బును ఒక రేకుపెట్టెలో బెట్టి మూసినట్లు భావింపుడు. ఆ వేడిని మోసికొనిపోవు కూలివాడు గాలి యొక్కటే.

ఇందొక చిన్న లెక్క గలదు. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు సుమారు 1,200 జౌళ్ళ శక్తి వలయును. 120 వాట్ల యంత్రము సెకనునకు 120 జౌళ్ళ వేడిని బుట్టించును. పెట్టెగుండ సెకనునకు 20 లీటర్ల గాలి పాఱుచున్నచో ఆ గాలి 5 డిగ్రీలు మాత్రమే వేడెక్కి వెలికి బోవును. దుమ్ముచే దారులు పూడి యా పాఱుదల 4 లీటర్లకు దగ్గినచో, అదే వేడికి గాలి 25 డిగ్రీలు కాగును. యంత్రము మాఱలేదు, పని మాఱలేదు. దారి పూడినది, అంతే.

ఇప్పుడు మన వేసవిని దీనికి జోడింపుడు. పంకా చలువను బుట్టింపదు. గదిలోని గాలినే లోనికి ద్రోయును. కావున లోపలి వేడికి గది వేడియే పునాది. రెంటచింతలలోను, రామగుండములోను 45 డిగ్రీలు దాటిన దినములు మీరెఱిగినవే. గదిలో 42 డిగ్రీలున్నవనుకొందము. గాలి బాగుగ నాడు పెట్టెలో లోపలి గాలి 47. పూడిన పెట్టెలో 67. ప్రాసెసరు తన చుట్టునున్న గాలికంటె మఱియొక ముప్పది నలువది డిగ్రీలు హెచ్చుగ నుండుట సామాన్యము. 35 అనుకొన్నచో మొదటి పెట్టెలో 82, రెండవదానిలో 102 అగును. పెక్కు ప్రాసెసర్లకు హద్దు 95 మొదలు 100 డిగ్రీల వఱకు గలదు. హద్దు చేరగనే యది తన్ను దాను గాపాడుకొనుటకు పనిని మందగింపజేయును. అప్పటికిని తగ్గనిచో యంత్రము ఆగిపోవును. మా గ్రంథాలయమున జరిగినది సరిగ నిదియే. అదే యంత్రము పుష్యమాసములో, గది 25 డిగ్రీలున్నపుడు, అంత దుమ్ముతోనే గొణగకుండ నడచియుండును. అందుచేత చలికాలమున బాగుగ నున్నదని వేసవికి నమ్మరాదు.

ఆగిపోవుట కంటికి గనబడు హాని. కనబడని హాని ఆయుఃక్షయము. కరెంటును నిలుకడ చేయుటకు పలకపై కెపాసిటర్లనెడి చిన్న డబ్బీలుండును. అందు గొన్నిటిలో ద్రవము గలదు. వేడికి ఆ ద్రవము క్రమముగ నింకిపోవును. పది డిగ్రీల వేడి పెరిగిన దాని యాయువు సగమగునని యింజనీర్ల లెక్క. తిరుగుడు డిస్కులకు పెక్కింటికి 60 డిగ్రీలే హద్దు. ఊరి లెక్కలు, వ్రాతలు దాగియుండునది యందే గదా! యంత్రము పోయిన మఱల గొనవచ్చును. వ్రాసినది పోయిన మఱల దొరకదు.

ఇక దుమ్ము. దుమ్మంతయు నొక్కటి కాదు. ఇంటిలోని దుమ్ములో నూలుపోగులు, వెండ్రుకలు హెచ్చు. పత్తి మిల్లు దగ్గఱ దూది, బియ్యపు మిల్లు దగ్గఱ తవుడు, ఊక. బేతంచెర్ల, తాండూరు ప్రాంతముల ఱాతిపొడి. సింగరేణి యూళ్ళలో బొగ్గునుసి. గుంటూరు మిరపకాయల యార్డు చెంత కారపుపొడి. కోస్తాలో దుమ్ముతోగూడ ఉప్పుగాలియు గలదు. ఈ దుమ్ము మూడు విధముల జెఱచును. ప్రాసెసరుపై వేడిని విదల్చు పలుచని లోహపు రేకులుండును. వాని నడుమ సందు రెండు మిల్లీమీటర్ల మాత్రము. నూలుపోగు అందు జిక్కి, దానిపై పొడి నిలిచి, గోడ కట్టినట్లు మూసివేయును. ఇది మొదటిది. పంకా యిరుసులో జేరి నూనెను బీల్చి తిరుగుడును మందగింపజేయుట రెండవది. మూడవది తొలకరిలో దెలియును. ఎండకాలమంతయు పలకపై బేరుకొన్న దుమ్ము తొలివానల చెమ్మను బీల్చుకొని తడియగును. తడిదుమ్ము కరెంటునకు దొంగదారి. వేసవి దాటినదని సంతోషించునంతలో జ్యేష్ఠ ఆషాఢములలో యంత్రములు చెడుటకు గారణములలో నిది యొకటి.

ఇంతవఱకు రోగము. ఇక పెట్టెను ఎన్నుకొను విధము.

మొదట చూడవలసినది ముఖము. పెట్టె గాలిని ముందువైపునుండి పీల్చి వెనుకనుండి విడుచును. కావున ముఖము జాలిగ నుండవలెను. గాజుగ గాని, మూసిన పలకగ గాని యుండరాదు. గాజుముఖపు పెట్టెలకు ప్రక్కన సన్నని చీలిక యొకటి యుంచి, గాలి యందుండి వచ్చునందురు. ఇరుకు సందున బడి బండిని ద్రోలినట్లుండును. దుకాణములో జాలి కెదురుగ నొక దీపమునుంచి ఇవతలనుండి చూడుడు. వెలుతురు ధారాళముగ వచ్చినచో గాలియు వచ్చును. ప్రక్కపలక గాజుదైనను అంత దోషము లేదు. కాని మన పల్లెబాటల ప్రయాణమునకు రేకే మేలు.

రెండవది వడపోత తెర. దీనిని ఫిల్టరందురు. ముందు జాలి వెనుకను, అడుగున పవర్ సప్లై గాలి పీల్చుచోటను, మీదను కన్నములున్నచో అచ్చటను సన్నని తెరలుండవలెను. అవి మేకులు విప్పకయే చేతితో నూడివచ్చునవిగ నుండవలెను. ఇది చిన్న మాట కాదు. ఊడదీయుటకు స్క్రూడ్రైవరు కావలసిన తెరను ఎవ్వరును గడుగరు. కడుగని తెర గోడతో సమానము. దుకాణములో మీ చేతితోనే యొకసారి దీసి మరల బెట్టి చూడుడు. ఇంకొక నిజమును జెప్పవలెను. ఏ తెరయు దుమ్మునంతను ఆపజాలదు. నూలుపోగును, ముతకపొడిని ఆపును. సన్ననిపొడి కొంత పోవుచునే యుండును. తెరను మఱింత సన్నముగ నేసినచో గాలియు ఆగిపోవును. రాజీ యని నేను ముందన్నది దీనినే.

మూడవది పంకాల కూర్పు. ఇందులోనే అసలు రహస్యము గలదు. ముందు పంకాలు లోనికి దెచ్చు గాలి, వెనుక పంకా బయటికి బంపు గాలికంటె కొంచెము హెచ్చుగ నుండవలెను. అట్లున్నచో పెట్టెలో గాలి నిండుగ నుండి, ప్రతి చిన్నసందునుండియు బయటికే త్రోసికొనుచుండును. నిండిన చెఱువునుండి నీరు గండ్లగుండ బయటికే పోవును గాని లోనికి రాదు గదా! గాలి లోనికి వచ్చు దారి తెరల గుండనే యగుటచే దుమ్ము తెరపైననే నిలుచును. ఇందుకు మాఱుగ వెనుక పంకాలు హెచ్చైనచో పెట్టె చిల్లిపడిన పడవవలె నగును; ప్రతి సందునుండియు తెరలేని గాలి దుమ్ముతోగూడ లోనికి జొచ్చును. మా పాతపెట్టెలో ముందు పంకా లేనే లేదు. వెనుకను, మీదను రెండుండెను. ఫలితమును విన్నారు. సామాన్యమైన యంత్రమునకు ముందు రెండు, వెనుక నొకటి చాలును. పరీక్షకు ఊదుబత్తి చాలును. యంత్రము నడచుచుండగా పెట్టె సందుల దగ్గఱ దానిని బట్టుడు. పొగ లోనికి లాగబడినచో కూర్పు తప్పు. బయటికి నెట్టబడినచో ఒప్పు.

పంకా పెద్దదైన కొలది మేలు. 80 మిల్లీమీటర్ల పంకా గింగిరాలు తిరిగి పంపు గాలిని 120 మిల్లీమీటర్ల పంకా నెమ్మదిగ దిరిగి పంపును. శబ్దము తక్కువ, ఇరుసు అరుగుదలయు దక్కువ. అమ్మువాడు చౌకపంకాలు గ్రుచ్చి లెక్క చూపును. లెక్కనుగాక ఇరుసునుగూర్చి యడుగుడు. బాల్ బేరింగు గాని, నూనెను మూసిపెట్టిన ఫ్లూయిడ్ బేరింగు గాని గల పంకా వేడికి హెచ్చుకాలము నిలుచును; సాదా గొట్టపు ఇరుసు త్వరగ నెండిపోవును.

నాల్గవది మీది కన్నములు. వేడిగాలి పైకెగయునని మనమెఱుగుదుము. వంటింటి పొగగూడు అందుకే గదా. కావున మీద కన్నములుండుట మంచిదని తోచును. కాని పంకా నడచుచుండగా వేడిగాలి తానై యెగయు బలము మిక్కిలి స్వల్పము. పంకా ద్రోసిన వైపునకే గాలి పోవును. యంత్రము నిద్రించు రాత్రియంతయు ఆ కన్నములగుండ దుమ్ము రాలుచుండును. పెంకుటింటిలో వానచినుకు, బల్లి గూడ రాలవచ్చును. కావున మీద కన్నములున్నచో తెరయుండవలెను; అక్కఱలేని చిన్నయంత్రమునకు మీదు మూసియున్న పెట్టెయే మేలు.

అయిదవది వెనుకభాగము. అచ్చట పొడుగాటి గడులు వరుసగ నుండును. చౌకపెట్టెలలో వాని రేకులను విఱిచి తీయవలెను. విఱిచిన తరువాత మూయుటకు మూత లేదు. ఆ కన్నము బల్లికి, బొద్దింకకు, చీమలకు రాజద్వారము. బల్లి కరెంటుపలకపై బడి తాను చచ్చి, పలకను గూడ జంపిన సంగతి బాగుచేయువారిని అడిగిన జెప్పుదురు. మేకుతో బిగించు మూతలుగల పెట్టెను ఎన్నుకొనుడు.

ఆఱవది కాళ్ళును రేకును. పెట్టెను జల్లెడవలె రెండు చేతుల నెత్తి చూడుడు. అర మిల్లీమీటరుకంటె పలుచని రేకు వణకుచు మ్రోగుచుండును; మూల పట్టి వంచిన వంకరపోవును. ముప్పావు మిల్లీమీటరు రేకు దృఢము. సముద్రతీరపు గ్రామములవారు లోపలి యంచులకుగూడ రంగు పూసియున్నదా యని చూడవలెను. రంగులేని యంచుననే తుప్పు మొదలగును. అడుగున పవర్ సప్లై గాలి పీల్చును గనుక కాళ్ళు అంగుళమైన నెత్తుండవలెను.

ఏడవది కొలత. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనెడి కొలతల పద్ధతిని బ్రకటించినది. ఆ పద్ధతిలో పెద్దపలక 305 మిల్లీమీటర్లకు 244. మైక్రో ఏటీఎక్స్ 244కు 244. నేటికిని పెక్కు పెట్టెలు ఆ కొలతలకే చేయబడుచున్నవి. దీనివలన మనకొక గొప్ప మేలు గలదు. పెట్టె చెడ్డదైనచో యంత్రమునంతను మార్చనక్కఱలేదు. లోపలి కాపురమును క్రొత్తయింటికి మార్చుకొనవచ్చును. కొన్ని కంపెనీలు తమ సొంత కొలతలతో జేయు యంత్రములకు మాత్రము ఈ వీలు లేదు. కొనుటకు ముందే యడుగుడు. మఱి పెట్టె మిక్కిలి చిన్నదైన వేడి నిలుచును; మిక్కిలి పెద్దదైన చోటు దండుగ. మైక్రో ఏటీఎక్స్ పలక పట్టి, నడుమ చేయి దూరునంత యెడముండిన జాలును.

మిల్లులోను, ఱాతిపాలిష్ కొట్టములోను బెట్టు యంత్రమునకు ఈ విధి చాలదు. అచ్చట తెర వారమునకే పూడును. పంకా లేక, మందపు లోహపు పెట్టెయే వేడిని విదల్చు చిన్నయంత్రములు గలవు. అట్టి పెట్టెలపై ఐపీ యను నక్షరములతో రెండంకెలుండును. మొదటి యంకె దుమ్మునకు, రెండవది నీటికి. మొదటి యంకె 6 అయిన దుమ్ము చొరదు. 5 అయిన కొంచెము చొచ్చినను పని చెడదు. అయితే మూసిన పెట్టె మోయగల వేడి తక్కువ. కొద్దివాట్ల యంత్రమునకే యది తగును. బరువుపనికి యంత్రమును వేఱుగదిలో బెట్టి తీగలను మాత్రము కొట్టములోనికి దెచ్చుకొనుట మేలు.

మంచిపెట్టెను గొని చెడ్డచోట బెట్టిన ప్రయోజనము లేదు. నేలపై బెట్టకుడు, చీపురుదుమ్మంతయు అదియే మ్రింగును. మూరెడెత్తు పీటపై నుంచుడు. గోడకు జానెడు దూరముండవలెను. బల్లక్రింది మూసిన అఱలో నుంచినచో తాను విడిచిన వేడిగాలినే తాను మరల బీల్చుకొనును. గుడ్డముసుగు యంత్రమాగి చల్లాఱిన తరువాతనే కప్పవలెను. నీటికూలరు గదిని జల్లబఱచుట మంచిదే. దాని తడిగాలిని సూటిగ పెట్టెపైకి మాత్రము ద్రిప్పకుడు. పెట్టెను ముట్టుకొనిన చేయి జివ్వుమన్నచో అది పెట్టె దోషము కాదు. గోడలోని మూడవ కన్నమునకు ఎర్తు లేదని గుఱుతు. వెంటనే బాగుచేయింపుడు.

కడపట శుభ్రత. తెరలను నెలకొకసారి, వేసవిలో పక్షమునకొకసారి తీసి, నీటితో గడిగి, నీడలో పూర్తిగ నాఱబెట్టి మరల బెట్టవలెను. మూడు నాలుగు మాసములకొకసారి ప్లగ్గు తీసి, పెట్టెను అరుగుపైకి దెచ్చి, విప్పి, చేతి బ్లోయరుతో దుమ్మును వెలికి నూదవలెను. అప్పుడు పంకా ఱెక్కను వ్రేలితో బట్టియుంచవలెను. గాలికి అతివేగముగ దిరిగిన ఇరుసు చెడును. సైకిలుషాపులోని గాలియంత్రమునకు దీసికొనిపోకుడు. ఆ గాలిలో నీటితుంపరయు నూనెయు నుండును, ఒత్తిడియు మిక్కుటము. తడిగుడ్డను లోపల తగిలింపకుడు.

మేము క్రొత్తపెట్టెను గొంటిమి. దాని వెల గాజుపెట్టెలో సగము. చూచుటకు ధాన్యపుడబ్బావలె నుండును. ముందు నల్లనిజాలి, లోపల దీపము లేదు. పాతయంత్రమునే అందులోనికి మార్పించితిమి. తరువాతి రోహిణీకార్తెలు అదే గదిలో, అదే పెంకులక్రింద, ఒక్కసారియు నాగక గడచినవి. గాజుపలకను పాఱవేయలేదు, గ్రంథాలయపు ప్రకటనల బల్లకు అద్దముగ బిగించితిమి. వచ్చినవారు దానిని మెచ్చుకొందురు. నేను మాటలాడను.

ఆ చేనేతవారి బాలిక యిప్పుడు డిప్లొమా చివరి సంవత్సరమున జదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడెల్ల గ్రంథాలయమునకు వచ్చి, ముందుజాలి నూడదీసి, తెరను గడిగి, తానే వసారాలో నాఱబెట్టును. ఎవ్వరును జెప్పలేదు. ఊరి సొమ్ముతో వస్తువు కొనువారు దాని మెఱుగును జూడక, అది యెవ్వరికి ఏ దినమున అక్కఱకు వచ్చునో దానిని దలచుకొని కొనవలెనని ఆ పిల్ల చేతులను జూచినపుడెల్ల నాకు దోచుచుండును.